జీడిసొన

కాశీబుగ్గ గేటు అవతల
జీడి బట్టీ పొగ లేచిన పొద్దున
మా ల్యాబు కిటికీలు మూసేస్తాం.
అయినా వస్తుంది.
ఆ పొగలోనే పెరిగాను,
ఆ పొగలోనే మైటోకాండ్రియా పాఠం చెప్తున్నాను.

మేక కార్జం ముక్క, తెల్లారి కొన్నది,
గాజు గొట్టంలో వేసి
పైన హైడ్రోజన్ పెరాక్సైడ్ నాలుగు చుక్కలు.
బుస్సుమని నురగ.
వెనక బెంచీ లేచి నిలబడింది.
"సచ్చిన మేక గదా మేడం, ఇంకా కోపమేటి?"
కోపం కాదు బైరాగీ, అలవాటు.
విషాన్ని విరిచి నీళ్లూ గాలీ చేసే ఎంజైము,
మేక చచ్చిన కబురు దానికింకా అందలేదు.

ఆ విషం ఎక్కడిదని అడిగారు.
వంటింట్లోదే అన్నాను.

బోర్డు మీద రెండు పొరల సంచి గీశాను,
లోపలి పొర మడతలు మడతలు.
మడతల వెంట ప్రోటీన్లు వరసగా నిలబడి
అన్నంలోంచి లాగిన ఎలక్ట్రాన్లని
చేతిలోంచి చేతికి, చేతిలోంచి చేతికి,
పలాస స్టేషన్లో బస్తాలు అందించినట్టు.
చివర్న ఆక్సిజన్ దోసిలి పట్టి ఉంటుంది.
నాలుగూ చేరితే బుద్ధిగా నీళ్లయిపోతుంది.
కానీ నడుమ ఎవరి చెయ్యో జారుతుంది.
ఒక్క ఎలక్ట్రాన్
దారిలో తచ్చాడే ఆక్సిజన్ ఒళ్లో పడుతుంది.
సగం కుడిచిన బిడ్డ అది.
ఊరుకోదు. దాని సంతానం ఇంకా ఊరుకోదు,
కొవ్వుని కొరుకుతుంది, జన్యువు పోగు తెంపుతుంది.
సూపరాక్సైడ్ అని రాసుకోండి.

మా అమ్మ కూర్మమ్మ ఎక్కడా రాసుకోలేదు.
ముప్ఫై ఏళ్లు పిక్కలు కోసింది,
కాలికింద పెడలు, కిలోకి ఇంతని.
పప్పు బయటికొచ్చిన ప్రతిసారీ
పెంకు కాస్త సొన కక్కేది.
సొన లేని పిక్క లేదు.
పనిలో దిగేముందు ఆముదం, దానిమీద బూడిద,
వేళ్ల సందుల దాకా.
ఆముదం వంతు మాంగనీసున్న ఎంజైముది,
సూపరాక్సైడ్‌ని పెరాక్సైడ్‌గా తగ్గిస్తుంది.
బూడిద వంతు గ్లుటాథయోన్‌ది,
పెరాక్సైడ్‌ని నీళ్లు చేస్తుంది.
అయినా తోలు ఊడేది.
మా వీధిలో చెంచాతో అన్నం తిన్న మనిషి అమ్మొక్కతే.
దొరసానిలాగ, అని తనే నవ్వేది.

పుస్తకంలో రెండు వాక్యాలతో దాటేసిన సంగతొకటి:
పని పెరిగినప్పుడు కాదు,
తిండి నిండుగా ఉండి పని లేనప్పుడే
ఎక్కువ కారుతుంది.
ఆర్డరు లేని రోజు చూశాను.
బాయిలరు కింద పెంకులు భగభగ,
కటింగు హాలు ఖాళీ,
ఆవిరి ప్రతి జాయింటునీ తడుముతోంది.
ఫిట్టరు దాలినాయుడు వాల్వు కాస్త వదులు చేశాడు.
నష్టం కదా అంటే
"బాయిలరు కన్నా ఆవిరి సవక" అన్నాడు.
కణమూ కొన్ని ప్రోటాన్లని అలా ఊరికే వదిలేస్తుంది, వేడిగా.
మరీ చిల్లులుపడ్డ బాయిలర్ని
తనే చుట్టగట్టి పాత ఇనుముకి వేస్తుంది.

"ఇంత బాదెందుకు మేడం,
అసలు కారకుండా కట్టెయ్యొచ్చు గదా?"
బైరాగి మళ్లీ.
దీనికి సిలబస్ జవాబుంది. నేను అమ్మది చెప్పాను.
కొత్తగా చేరిన గుంటొకతె
మందం రబ్బరు తొడుగులేసుకుని కూర్చుంది.
సాయంత్రానికి బుట్టనిండా నలిగిన పప్పు.
"సురుక్కుమనకపోతే పిక్క ఉడికిందో నేదో
ఏళ్లకెలగ తెలుస్తాదే?"
ఆ చురుకు ఒక కబురు.
పెరాక్సైడ్ చుక్క కేంద్రకం దాకా మోసేదీ అదే:
ఆముదం ఇంకాస్త పంపండి.
చుక్క చాలు. చెంబు దొర్లితే కబురు కాదది.

గంట కొట్టారు. నురగ దిగింది.
మిగిలిన కార్జం బైరాగి పొట్లం కట్టించుకున్నాడు,
కుక్కకట.

ఈ సంచులు తండ్రివైపు నుంచి రావని
వచ్చేవారం పాఠం.
ఆ రాత్రే అమ్మకి చెప్పేశాను,
నాలో మండేదంతా నీ బట్టీయేనని.
"నాదేటి, మాయమ్మది" అంది,
ఆముదం సీసా మూత తిప్పుతూ.